టీచరమ్మ జవాబులు: సంచిలో ఏముంది?

క్రితం సంచికలో ఒక మాట మాటవరసకి రాశాను. మా బళ్లో శనివారం మధ్యాహ్నం పిల్లలు ఇంటి నుంచి ఏదో ఒక వస్తువు గుడ్డసంచిలో పెట్టి తెచ్చేవారని, తోటిపిల్లలు "సంచిలో ఏముంది?" అని అరిచాక తీసి చూపించి చెప్పేవారని. ఆ నాలుగు వాక్యాలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి జవాబులన్నీ ఆ ఒక్క సంగతి మీదే.

మా బాబు ఒకటో తరగతి. వాళ్ల స్కూల్లో నెలకోసారి 'షో అండ్ టెల్' పెడతారు. క్రితంసారి ఆన్‌లైన్‌లో 1,200 రూపాయలు పెట్టి గ్రహాలు తిరిగే బొమ్మ తెప్పించాను. ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాసి వారం పాటు బట్టీ పట్టించాను. ఇంట్లో గడగడా చెప్పేవాడు. క్లాసులో రెండో వాక్యం దగ్గర ఆగిపోయి ఏడ్చేశాడట. ఇప్పుడు మళ్లీ సర్క్యులర్ వచ్చింది. ఆ రోజు బడికి వెళ్లనంటున్నాడు. వీడు ఇలాగే పిరికివాడైపోతాడేమోనని దిగులుగా ఉంది.
– ఒక తల్లి, మియాపూర్

అమ్మా, ముందు ఆ పిరికివాడన్న మాట మనసులోంచి తీసెయ్యండి. ఆ బొమ్మతో వాడికి ఉన్న పరిచయం వారం రోజులు. ఆ పది వాక్యాలు మీవి. రెండోది మర్చిపోయాక మూడోది ఎక్కడి నుంచి వస్తుంది? తనకి తెలిసిన సంగతైతే ఒక ముక్క పోయినా ఇంకో ముక్క పట్టుకుని లేచేవాడు. పెద్దవాళ్లం మనమూ అంతే కదా, ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం మధ్యలో కాగితం ఎగిరిపోతే నోరు పెగలదు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. కోనసీమలో ఒక చిన్న ఊరి బడి. ఈ పిల్ల రెండో తరగతి. ఏడాదిన్నరగా హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప గొంతు వినిపించేది కాదు. ఒక శనివారం తన వంతు వచ్చింది. సంచిలోంచి వాళ్ల నాయనమ్మ ఇత్తడి సోల తీసింది, దాంతోపాటు ఒక మూటలో బియ్యం. ఏమీ మాట్లాడలేదు. చాప మీద కాగితం పరిచి కూర్చుంది. సోల నిండా బియ్యం పోసింది. పైన కుప్పగా నిలిచిన గింజల్ని అరచేతి అంచుతో ఒక్క తోపు తోసింది. బియ్యం సోల అంచుకి సమంగా నిలిచింది.

ముందు వరసలో కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు, "ఎందుకలా తోసేశావ్?"

"అమ్మేటప్పుడు ఇలాగే కొలవాలి. పక్కింటివాళ్లు అప్పు అడిగినా ఇలాగే. గుమ్మంలోకి వచ్చినవాళ్లకి వేసేటప్పుడు మాత్రం తోయకూడదంట, నాయనమ్మ చెప్పింది."

అన్ని మాటలు ఆ పిల్ల నోట ఒక్కసారిగా రావడం నేను వినడం అదే మొదలు. ఇంకొకరు లేచి సోల అంచున ఉన్న సొట్ట ఏమిటని అడిగారు. వాళ్ల నాన్న చిన్నప్పుడు నూతి చప్టా మీద పడేశాడట, ఆ రోజు దెబ్బలు కూడా తిన్నాడట. క్లాసంతా నవ్వింది, పిల్లా నవ్వింది. వాళ్ల నాన్న దెబ్బలు తినడం అందరికీ బాగా నచ్చింది. ఇంటికెళ్లే వేళ దాటిపోయింది, ఎవరూ కదల్లేదు.

సోమవారం లెక్కల పీరియడులో ఆ సోలనే మళ్లీ తెప్పించాను. మా వైపు నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఊరిని బట్టి ఈ కొలతలు కాస్త మారుతుంటాయి. కుంచానికి ఎన్ని సోలలని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి పదహారని ముందుగా చెప్పింది ఆ అమ్మాయే.

మీ బాబు విషయానికి వస్తే, ఈసారి ఏమీ కొనకండి. వస్తువు మీరు ఎంచకండి. "నువ్వు ఏది చూపిద్దామనుకుంటున్నావ్?" అని అడిగి ఊరుకోండి. రెండు రోజులు ఆలోచించనివ్వండి. విరిగిన కారు చక్రం అన్నా, తాతయ్య కళ్లజోడు డబ్బా అన్నా, ఇంట్లో పాత తాళంచెవి అన్నా సరేననండి. తరవాత రోజూ అన్నాలవేళ ఒక ప్రశ్న వెయ్యండి. ఇదెక్కడిది? దీంతో ఏం చేస్తావ్? ఇది పోతే ఏం చేస్తావ్? వాడు చెప్పింది వినండి, సరిదిద్దకండి, కాగితం మీద పెట్టకండి. ముందురోజు మీరిద్దరూ వాడి స్నేహితుల్లా నేల మీద కూర్చుని అడ్డదిడ్డంగా ప్రశ్నలు అడగండి. అంతకు మించి తయారీ అక్కర్లేదు.

ఇంగ్లిష్ సంగతి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. టీచరుతో వెళ్లి మాట్లాడండి. మొదటి వాక్యం వాడికి వచ్చిన ఇంగ్లిష్‌లో చెబుతాడని, తడబడితే మిగతాది తెలుగులో చెప్పనివ్వమని అడగండి. ఇది మీరేదో రాయితీ అడుక్కోవడం కాదు. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలోనే బోధన ఉండాలని చెప్పింది. ఆరేళ్ల పిల్లవాడు రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడితే ఏ టీచరూ కాదనదనే నా నమ్మకం. క్రితంసారి ఏడ్చిన సంగతి ఇంట్లో మళ్లీ ఎత్తకండి, చుట్టాల ముందు అసలే వద్దు.

నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకీ కలిపి 27 మంది. మీరు రాసింది చదివి ఉత్సాహంగా పిల్లల్ని అడిగాను. "మా ఇంట్లో ఏమీ లేవు సార్" అన్నారు. వాళ్ల తల్లిదండ్రుల్లో సగానికి పైగా కూలికి వెళ్లేవాళ్లే. ఇది పట్నం పిల్లలకే సరిపోయే పద్ధతేమో అనిపించింది.
– ఒక ఉపాధ్యాయుడు, పార్వతీపురం మన్యం జిల్లా

తమ్ముడూ, అంత త్వరగా వదిలెయ్యకు. "ఇంట్లో నుంచి తెండి" అన్నావు గనక "లేవు" అన్నారు. "దారిలో నుంచి, చేలో నుంచి, చెట్టు కింద నుంచి తెండి" అని చూడు. నీకు కూర్చోడానికి చోటు మిగలదు.

మా బళ్లో గేదెలు కాసే ఇంటి పిల్లవాడు ఒకడు ఉండేవాడు, నాలుగో తరగతి. వారానికి మూడు రోజులు వస్తే గొప్ప. ఒక శనివారం గాలివానకి పడిన గిజిగాడి గూడు తెచ్చాడు. మామూలుగా మనం చూసే పొడుగాటి గూడు కాదది. తలకిందులుగా పెట్టిన టోపీలా సగమే ఉంది, మధ్యలో అడ్డంగా ఒక పట్టీ. పిల్లలు "తెగిపోయింది, తెగిపోయింది" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

"తెగలేదు. కట్టడం ఆపేసింది" అన్నాడు వాడు.

ఎందుకాపిందని అడిగితే, కాలవ గట్టు మీది ఈతచెట్టు దగ్గర కూర్చుని తాను చూసిందంతా చెప్పాడు. గూడు కట్టేది పోతుపిట్ట. వరాకుల్ని, గడ్డిని పోగుల్లా చీల్చుకొచ్చి సగం దాకా అల్లుతుంది. అప్పుడు పెంటిపిట్ట వచ్చి ఆ పట్టీ మీద వాలి, లోపలా బయటా చూసుకుంటుంది. నచ్చితే మిగతాది పూర్తవుతుంది. నచ్చకపోతే అది ఎగిరిపోతుంది, పోతుపిట్ట ఆ గూడు అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. తరవాత పక్షుల గురించి చదివితే వాడు చెప్పింది అక్షరాలా నిజం.

గూటి లోపల ఎండిన మట్టి పెళ్లలు అంటుకుని ఉన్నాయి. ఒక పిల్ల లేచి, మిణుగురు పురుగుల్ని ఆ మట్టికి గుచ్చి గిజిగాడు దీపం పెట్టుకుంటుందని చెప్పింది. మన ఊళ్లలో అందరూ చెప్పుకునే కథే. గేదెల పిల్లవాడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. తాను చాలా గూళ్లు చూశానని, ఒక్కదాంట్లోనూ మిణుగురు కనబడలేదని అన్నాడు. మరి మట్టి ఎందుకంటే, "బరువుకేమో, గాలికి ఊగిపోతది కదా" అన్నాడు. పక్షుల్ని గమనించేవాళ్లు కూడా ఈ మాటే అంటారు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు శనివారం ఒక్కటీ మానలేదు. పక్కవాళ్లు ఏం తెస్తారో చూడాలని.

ఒక జాగ్రత్త. రాలిపడిన గూళ్లు, పిట్టలు వదిలేసిన గూళ్లే తేవాలని గట్టిగా చెప్పు. గుడ్లు, పిల్లలు ఉన్న గూటి జోలికి ఎవరూ పోకూడదు.

మా పిల్లలు తెచ్చినవి ఇంకొన్ని చెబుతాను, నీకు పనికొస్తాయి. తిన్న తాటికాయ బుర్రలతో చేసిన ముంజకాయ బండి. మొలకెత్తిన మామిడి టెంకని రాతి మీద అరగదీసి చేసిన పీక. వేళ్లతో సహా పెరికిన వేరుశెనగ మొక్క (ఆ వేళ్ల మీది బుడిపెలు చూసి మా ఐదో తరగతివాళ్లు నెల రోజులు ప్రతి మొక్కా పీకి చూశారు). అరిగిపోయిన కొడవలి పిడి. పాము కుబుసం కూడా వచ్చింది, నేను కాస్త దూరంగానే కూర్చున్నాను.

మీ పిల్లల్లో సవర, కువి మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్ల భాషలోనే చెప్పనివ్వు. వస్తువు పేరు వాళ్ల మాటలో ఒకటి, తెలుగులో ఒకటి బోర్డు మీద పక్కపక్కన రాయి. వాళ్ల మాట నువ్వు తప్పుగా పలుకుతావు, వాళ్లు సరిదిద్దుతారు. సరిదిద్దనివ్వు.

నిర్వహణ తేలికే. శనివారానికి నలుగురు చొప్పున అయితే 27 మందికీ ఏడు శనివారాలు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. నువ్వు కుర్చీలో కాకుండా పిల్లల వెనక చాప మీద కూర్చో. మొదటి మూడు ప్రశ్నలూ పిల్లలవే అవ్వాలి, నీ ప్రశ్న ఆఖరున. బహుమతులు పెట్టకు. ఇంకొక నియమం మా బళ్లో ఉండేది, అది మాత్రం మర్చిపోకు: "ఎంతకి కొన్నారు?" అని ఎవరూ అడగకూడదు. ఆ ప్రశ్న ఒక్కసారి వచ్చిందంటే, మరుసటి వారం నుంచి లేనివాళ్లు రావడం మానేస్తారు. నేను మొదటి ఏడాది ఈ నియమం పెట్టలేదు. ఎవరో ఆ ప్రశ్న అడిగేసరికి ఒక పిల్ల తన కొత్త పలక పట్టుకుని మాట మధ్యలోనే కూర్చుండిపోవడం చూశాక పెట్టాను.

పోస్టల్ శాఖలో చేసి రిటైరయ్యాను. నా దగ్గర పాత నాణేలు ఓ వంద దాకా ఉన్నాయి. మనవడు నాలుగో తరగతి, వాటిని బడికి తీసుకెళ్లి చూపిస్తానంటున్నాడు. ఇస్తే పోగొడతాడని భయం, ఇవ్వకపోతే చిన్నబుచ్చుకుంటాడు.
– ఒక తాతగారు, తెనాలి

అన్నయ్యగారూ, వంద ఇవ్వకండి, మూడివ్వండి. వంద నాణేలు చూపిస్తే పిల్లలకి కుప్ప కనబడుతుంది, నాణెం కనబడదు.

మొదటిది చిల్లికాణీ. 1943 నుంచి 1947 దాకా వేసిన రాగి రంగు కాణీ, మధ్యలో పెద్ద బెజ్జం. యుద్ధం రోజుల్లో లోహం పొదుపు కోసం అలా వేశారు. అలాంటివి నాలుగైతే ఒక అణా, అరవైనాలుగైతే ఒక రూపాయి. మా అమ్మ తన చిన్నప్పుడు వాటిని దారానికి గుచ్చుకుని దాచుకునేదట. మీ మనవణ్ణీ క్లాసులో ఒక దారం గుచ్చి చూపించమనండి.

రెండోది 'నయా పైసా'. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద పైసలయ్యాయి. పాత పైసాతో కలిసిపోకుండా 'నయా' అన్నారు, 1964లో ఆ మాట తీసేశారు. మూడోది ఆరు పలకల అల్యూమినియం మూడు పైసలు. దీన్ని చేతుల్లోకి ఇవ్వాలి. అంత తేలికగా ఉంటుందని చూస్తే తెలియదు.

అయితే వాడు ఈ సంవత్సరాలన్నీ అప్పజెప్పనక్కర్లేదు. "పావలా అంటే ఎంత?" అని తోటివాళ్లని అడగమనండి చాలు. పావలా అంటే నాలుగణాలు, అంటే పాతిక పైసలు. ఆ పాతిక పైసల బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది గానీ, మాట మన నోళ్లలో ఇంకా ఆడుతోంది. "పావలా వడ్డీ" అని ఇంట్లో విన్న పిల్లలు ఆ క్లాసులో తప్పకుండా ఉంటారు.

పోతాయన్న భయానికి ఒక ఉపాయం. మీ దగ్గర రెండేసి ఉన్న వాటిలోంచే ఇవ్వండి. నాణెం మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. అలాంటి అచ్చులు ముందురోజు మీరిద్దరూ కలిసి తీయండి, క్లాసులో పిల్లలకి తలొకటి పంచుతాడు. నాణేలు చేతులు మారడం తగ్గుతుంది. మీరు కూడా వెళ్దామనుకుంటున్నారేమో, గేటు దాకా వెళ్లి వచ్చెయ్యండి. మీరు క్లాసులో ఉంటే మాట్లాడేది మీరే అవుతారు.

మా అమ్మాయి మూడో తరగతి. వాళ్ల అమ్మమ్మ దాచి ఇచ్చిన గురివింద గింజలు గాజుసీసాలో వేసి బడికి తీసుకెళ్లింది. టీచర్ ఒక్క మాటైనా చెప్పకుండా లాక్కుని కిటికీలోంచి పారబోసిందట. పిల్ల రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఫిర్యాదు చేయాలనుకుంటున్నాను.
– ఒక తండ్రి, సిరిసిల్ల

బాబూ, పిల్ల బాధ నాకు అర్థమైంది. కానీ ఆ సీసా తీసుకోవడంలో టీచరు తప్పేమీ లేదు. గురివింద గింజ ఎంత అందంగా ఉంటుందో లోపల అంత విషం. గట్టి పైపెంకు ఉండటంతో చెక్కుచెదరకుండా మింగితే ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది. కొరికినా, నమిలినా, దండ కోసం బెజ్జం వేసినదాన్ని మింగినా ఒక్క గింజ చిన్నపిల్లల ప్రాణం మీదికి తేగలదు. దానికి ప్రత్యేకంగా విరుగుడు మందు లేదు. లక్షణాలు కొన్ని గంటల తరవాత, ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడవు. కాబట్టి ఏ పిల్లయినా మింగినట్టు అనుమానం వస్తే, బాగానే ఆడుకుంటోంది కదా అని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తప్పు జరిగింది పారబోయడంలో. ఆ కిటికీ కింద ఇప్పుడు ఎర్రటి గింజలు చెల్లాచెదురుగా ఉన్నాయి, అక్కడే ఒకటో తరగతి పిల్లలు ఆడుకుంటారు. రేపు పొద్దున్నే మీరు వెళ్లి టీచరుతో కలిసి వాటిని ఏరండి. ఆ పని చేస్తూ చెప్పండి, పిల్లకి కారణం చెప్పి తీసుకుంటే బాగుండేదని. ఫిర్యాదు కంటే అది ఆవిడకి ఎక్కువ తగులుతుంది.

అమ్మాయి వంతు ఇంకోసారి ఇప్పించమని అడగండి. గింజలు సీసాలో మూత బిగించి టేపు చుట్టి టీచరు చేతిలో ఉండాలి, పిల్ల పక్కన నిలబడి చెప్పాలి. కంసాలులు బంగారం తూచడానికి గురివింద గింజనే ఎందుకు వాడేవారో వాళ్ల అమ్మమ్మని అడిగి రమ్మనండి. ఈ ఎర్ర గింజల్ని ఎందుకు ముట్టుకోకూడదో కూడా తనే చెప్పాలి. తన వయసు పిల్ల చెబితే మిగతావాళ్లు వింటారు.

ఈ సందర్భంగా మిగతా తల్లిదండ్రులకీ ఒక మాట. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీలు, పాదరసం థర్మామీటర్లు బడికి పంపకండి. బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

మా పాప ఇక్కడ కిండర్‌గార్టెన్. వారానికి ఒక అక్షరం, ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువు తీసుకెళ్లాలి. ఈ వారం 'కె'. అందరూ కైట్, కంగారూ బొమ్మ అంటారు. మా పాప మా ఊరి నుంచి తెచ్చుకున్న కొండపల్లి అంబారీ ఏనుగు తీసుకెళ్తానంటోంది. వాళ్లకి అర్థమవుతుందా?
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

నిక్షేపంగా తీసుకెళ్లనివ్వమ్మా. ఏనుగు అర్థం కాని పిల్లలు ఏ దేశంలోనూ లేరు. ముందు 'కొండ' అని, తరవాత 'పల్లి' అని క్లాసు చేత పలికించి, రెండూ కలపమని పాపకి చెప్పు. విజయవాడ పక్కన కొండ కింద ఉన్న ఊరది. బొమ్మని ఒక్కొక్కరి అరచేతిలో పెట్టించు. తెల్లపొణికి కర్ర గనక చూపుకి బరువనిపించినా చేతిలో దూదిలా ఉంటుంది. తొండం, అంబారీ వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో కనిపెట్టమని అడగమను. రంగులు తడి చేతికి అంటొచ్చు, ముందుగా చేతులు తుడుచుకోమనాలి. చింతగింజ ఒకటి దొరికితే అదీ సంచిలో వెయ్యి.

టీచరమ్మా, నేను నాలుగో తరగతి. మా ఇంట్లో పిల్లి ఉంది. దాన్ని మా క్లాసుకి తీసుకెళ్లొచ్చా?
– ఒక విద్యార్థి, నంద్యాల

పిల్లిని తీసుకెళ్లకు నాన్నా. అంతమందిని, అంత అల్లరిని చూస్తే బెదిరి ఎవరినైనా రక్కుతుంది, లేదా పారిపోయి దారి తప్పుతుంది. అది పడుకునే చోట వెతుకు. పిల్లి మీసాలు అప్పుడప్పుడు వాటంతటవే రాలిపోతాయి. తెల్లగా, గట్టిగా, ఒక చివర సన్నగా ఉంటుంది. దొరికితే కాగితంలో మడిచి తీసుకెళ్లు. లాగకూడదు సుమా, రాలిందే తీసుకోవాలి. ఈలోపు రాత్రిపూట అది ఇరుకు సందులో దూరే ముందు మీసాలతో ఏం చేస్తుందో నాలుగు రోజులు గమనించు. నీ స్నేహితులు ఏమేం అడిగారో నాకు ఉత్తరం రాయి.